పద్నాలుగో నంబరు చొక్కా

నాకు మా అక్కంటే కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. చిన్నప్పుడు అక్క జడ నా జడకన్నా లావు. పెళ్ళయ్యాక అక్క వంటిల్లు నా వంటింటికన్నా వెడల్పు. అవన్నీ మింగేశాను, అక్కచెల్లెళ్ళన్నాక ఉండేవే. కానీ ఈ ఏడాది అక్క కొడుకు బాస్కెట్‌బాల్ ఆడి ఊరందరికీ వెర్రెత్తించాడు చూడండి, అది మాత్రం నాకు గొంతు దిగలేదు.

వాడూ మావాడూ ఒకే కాలేజీ, ఒకే జట్టు. అక్క కొడుకుని అందరూ నిచ్చెన అంటారు. అంత పొడుగు. మావాడికి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. పేరు పెట్టాలంటే ముందు మనిషి కంటికి ఆనాలి కదా. మావాడు మూడేళ్ళుగా జట్టులోనే ఉన్నాడు, బెంచీ చివర. వీపు మీద నంబరు పద్నాలుగు. ఎవరైనా బంతిని బుట్టలో వేస్తే మైకు పట్టుకున్నాయన వాళ్ళ నంబరు అరుస్తాడు. "బాస్కెట్! నంబర్ ఐదు!" అని ఈ ఏడాదంతా అరిచాడు. ఐదంటే నిచ్చెన. అదే గొంతుతో ఒక్కసారి "నంబర్ పద్నాలుగు" అంటే వినాలని నా కోరిక. మేడలూ మిద్దెలూ అడగలేదు. వాడికిది కాలేజీలో ఆఖరి సంవత్సరం, ఈ ఏడు పోతే ఇక లేదు.

నాకు మంట ఎక్కడంటే, అసలు ఈ ఆట పుట్టింది మా ఇంట్లో. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. మావాడు చిన్నప్పుడు టీవీలో ఆట చూసి అది కావాలని నేల మీద పడి దొర్లితే, ఆయన పాత లిఫ్టు తాలూకు ఇనప బద్దని గుండ్రంగా వంచి మా ఇంటి వెనక గోడకి బిగించాడు. అది ఎడమ పక్కకి ఒరిగింది.

"లిఫ్టులు కూడా ఇలాగే బిగిస్తారా?" అన్నాను.

"లిఫ్టు పడితే మనుషులు పోతారు. బంతి పడితే ఏం పోతుందే?" అన్నాడాయన.

పోయేది నా కిటికీ అద్దం. నా కుట్టుమిషన్లుండే గది కిటికీ సరిగ్గా ఆ రింగు పక్కనే ఉంది. అక్క మందుల షాపులో పనిచేస్తుంది. సాయంత్రాలు ఇంట్లో ఎవరూ ఉండరని తన కొడుకుని మా ఇంట్లో దింపి వెళ్ళేది. వాడికి బంతి ఎలా పట్టుకోవాలో నేర్పింది మావాడే. ఇద్దరూ గోడ మీద దబదబా బాదుతుంటే నేను బయటికొచ్చి, "అద్దం పగిలిందా, ఇద్దరి తోలూ వలిచి బంతికి కుడతాను" అని అరిచేదాన్ని. ఒకడు కిటికీకి కాపలా నిలబడాలి కదా మరి. "నువ్వు నిలబడరా" అని మావాడికే చెప్పాను. వచ్చిన పిల్లాణ్ణి కాపలా పెడితే బాగుండదని. అలా ఏళ్ళ తరబడి నిచ్చెన రింగులోకి వేస్తూ ఉంటే, మావాడు అద్దానికి అడ్డంగా నిలబడి, దారి తప్పిన బంతినల్లా దొరకపుచ్చుకుని వెనక్కి విసురుతూ ఉండేవాడు. చూపు అద్దం మీద, బంతి అన్న చేతిలోకి. వాడికన్నా నిచ్చెన మూడు నెలలు పెద్ద, అన్న అనే పిలుస్తాడు. తర్వాత ఆ అన్న పెరిగాడు, పెరిగాడు, పెరుగుతూనే ఉన్నాడు. మావాడు వాళ్ళ నాన్న భుజం దాటి ఆగిపోయాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

కిందటేడు వరకూ ఆ కాలేజీ జట్టు ఎంత క్రమశిక్షణగా ఓడిపోయేదో చెప్పలేను. ప్రతి మ్యాచూ ఓడి, అవతలివాళ్ళకి షేక్‌హ్యాండిచ్చి, బస్సెక్కి వచ్చేసేవాళ్ళు. నాకు ఏ బాధా ఉండేది కాదు. ఓడిపోయే జట్టులో బెంచీ మీద కూచుంటే ఏం, లేస్తే ఏం? ఈ ఏడు మొదటి మ్యాచ్ గెలిస్తే అందరూ అవతలి జట్టుకి జ్వరాలనుకున్నారు. రెండోది గెలిచారు, మూడోది గెలిచారు. ఆ తర్వాత నిచ్చెన ఆడుతున్నాడంటే జిమ్ములో మెట్ల మీద కూడా చోటు దొరకలేదు. కాలేజీ ఎదుట మంగలి షాపులో కుర్రాళ్ళు తల వెనక ఐదంకె గీయించుకోవడం మొదలెట్టారు. నా టైలరింగ్ కొట్టుకి ప్యాంటు కాళ్ళు పొట్టి చేయించుకోవడానికి వచ్చినావిడ కొలత ఇవ్వడం మానేసి, "మీరు నిచ్చెన వాళ్ళ పిన్నిగారటగా?" అంది. అవును, పిన్నినే. నాకూ ఓ కొడుకున్నాడు, వాడూ అదే జట్టు అని చెప్పాను. "అలాగా! ఏ నంబరు?" అంది. చెప్పాను. ఆవిడ పైకప్పు కేసి చూస్తూ ఆలోచించి, "ప్యాంటు ఎప్పుడిస్తారు?" అంది.

అక్క ఫోను చేసి, "దగ్గు మందుకొచ్చినవాళ్ళు కూడా దగ్గడం మర్చిపోయి వాడి గురించే అడుగుతున్నారే" అంటుంది.

"అయితే ఇక మందెందుకు? వాడి ఫోటో అమ్ము" అంటాను.

అక్క నవ్వుతుంది. అదే నాకు ఒళ్ళుమంట. తిడితే తిట్టినట్టుండాలి కదా మనిషికి.

ఇంతకీ ఆ జట్టుకి చొక్కాలు కుట్టింది ఎవరనుకుంటున్నారు? నేనే. గుడ్డ సాగుతుంది, గాలి ఆడే గుడ్డ, మామూలు సూది వేస్తే చిల్లులు పడతాయి. అన్నీ ఒకే రకంగా కత్తిరించాను, ఒకే రకంగా నంబర్లు అతికి కుట్టాను. మావాడి చొక్కాకి మాత్రం లోపలి కుట్లన్నీ మడిచి చేత్తో కుట్టాను, మెడ కింద వాడి చిన్నప్పటి దుప్పటి ముక్క, మెత్తగా అరిగినది, లోపలివైపు వేశాను. గరుకు తగిలితే వాడి మెడ ఎర్రబడుతుంది. పైకి చూస్తే ఎవరికీ తెలీదు. ఇంత చేస్తే ఆ చొక్కాకి ఏడాది పొడుగునా చెమట వాసనే అంటలేదు. నేనే ఉతుకుతాను కాబట్టి తెలుసు. సబ్బు దండగ.

సీజను మధ్యలో కోచ్ కొట్టుకొచ్చాడు. "టైలరమ్మగారూ, నిచ్చెనకి ఇంకో ఐదో నంబరు కుట్టండి. ఆపలేక వాణ్ణి చొక్కా పట్టుకుని లాగుతున్నారు, చిరిగిపోతోంది" అన్నాడు.

"వాడికి రెండా?" అన్నాను.

"రెండు" అన్నాడు. నా మొహంలో ఏం కనిపించిందో, "మీవాడు కూడా చాలా కష్టపడతాడండీ" అని కలిపాడు. అడక్కుండా వేసిన మాట అతుకులాగే ఉంటుంది.

సెమీఫైనల్ గెలిచారు కానీ ఇద్దరు కుర్రాళ్ళు కాళ్ళకి కట్లు కట్టించుకుని వచ్చారు. ఫైనల్‌కి మిగిలింది ఏడుగురు. ఐదుగురు ఆడాలి. బెంచీ మీద ఇద్దరే: మావాడు, కళ్ళజోడు అని ఇంకో కుర్రాడు. ఈ ఏడు నాకు మొదటిసారి కాస్త ఆశ పుట్టింది. ఇంకొకడికి చిన్న దెబ్బ తగిలితే చాలు. పెద్దదొద్దు, చిన్నది. నేనేం రాక్షసిని కాను.

నిచ్చెన రెండో చొక్కా చంక దగ్గర చిరిగింది. కుట్టి ఫైనల్‌కి పట్టుకురమ్మని కోచ్ నా చేతికే ఇచ్చాడు. కుట్టాను. ఇస్త్రీ కూడా చేశాను. పనిలో మాత్రం నేను ఎవరిమీదా కక్ష చూపించను. మా ఆయన టీ తాగుతూ చూసి, "ఇస్త్రీ పెట్టె దేనికే? ఆ చొక్కాని నువ్వు చూసే చూపుకే ముడతలు పోతాయి" అన్నాడు. మడత పెట్టి నీళ్ళ సీసాతోపాటు సంచిలో వేసుకున్నాను.

ఫైనల్ సాయంత్రం. జిమ్ము కిక్కిరిసిపోయింది. బెంచీకి వెనకాల మూడో వరసలో నేనూ అక్కా పక్కపక్కన కూచున్నాం. మా ఆయన డ్యూటీ అయి వచ్చేసరికి చోటు లేక తలుపు దగ్గరే నిలబడిపోయాడు. అక్క కొత్త చెప్పులేసుకుంది. నా సంచిలోంచి నీళ్ళ సీసా తీసుకుని తాగి మళ్ళీ అందులోనే పెట్టింది. "నాకు కాళ్ళూచేతులూ వణుకుతున్నాయే" అంది.

"నీకెందుకు వణుకు? గెలిచేది నీ కొడుకేగా" అన్నాను.

ఆట మొదలయింది. "బాస్కెట్! నంబర్ ఐదు!" కాసేపటికి మళ్ళీ ఐదు. మళ్ళీ ఐదు. నా చుట్టూ జనం లేస్తున్నారు, కూచుంటున్నారు. నేను లేవలేదు. మావాడు బెంచీ చివర కూచుని చేతులు కందిపోయేలా చప్పట్లు కొడుతున్నాడు. ఎవరి కోసంరా ఆ చప్పట్లు, కాస్త శక్తి దాచుకోరా అనుకున్నాను.

సగం ఆట దాటాక అవతలి జట్టువాడి మోచెయ్యి నిచ్చెన ముక్కుకి తగిలింది. ముక్కులోంచి రక్తం కారి చొక్కా ముందు భాగమంతా తడిసిపోయింది. అక్క కెవ్వుమంది. దెబ్బ పెద్దదేం కాదు, దూది పెట్టగానే రక్తం ఆగింది. కానీ రక్తం అంటిన చొక్కాతో లోపల నిలబడనివ్వరు. అది ఆట నియమం. చొక్కా మారిస్తేనే మళ్ళీ రానిస్తారు. కోచ్ గిర్రున వెనక్కి తిరిగి మూడో వరసలో నన్ను వెతుక్కున్నాడు.

"టైలరమ్మగారూ, రెండో చొక్కా!"

సంచి నా ఒళ్ళో ఉంది. చొక్కా సంచిలో ఉంది. కోచ్ వెనక మావాడు ఉన్నాడు. వాడు అప్పటికే ట్రాక్‌సూటు పైచొక్కా జిప్పు లాగుతున్నాడు, ఎందుకంటే కోచ్ రెండో చెయ్యి వాడివైపే చూపిస్తోంది. నిచ్చెన రాలేకపోతే దిగాల్సింది మావాడు. మూడేళ్ళకి మొదటిసారి ఆ వేలు వాడిమీదికి తిరిగింది.

"తేలేదండీ. కుట్టు పూర్తి కాలేదు, ఇంట్లోనే ఉండిపోయింది" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! గొంతు కూడా వణకలేదు. కోచ్ తల పట్టుకున్నాడు. అక్క నావైపు తిరిగి చూసింది. నేను సంచి మీద రెండు చేతులూ వేసుకుని మావాడినే చూస్తున్నాను. లేచాడు. ట్రాక్‌సూటు విప్పాడు. వీపు మీద పద్నాలుగు, నేను కుట్టిన పద్నాలుగు. వెళ్ళరా నాన్నా, వెళ్ళు అన్నాను లోపల.

వాడు వెళ్ళలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టి చొక్కా తల మీంచి లాగేసి నిచ్చెనకిచ్చాడు.

"ఇది వేసుకో అన్నా" అన్నాడు. ముందు వరసల్లో అందరికీ వినపడింది.

రిఫరీ వచ్చి చూశాడు. బల్ల దగ్గర కూచున్నవాళ్ళు నంబరు మార్చి రాసుకున్నారు. నిచ్చెన తడిసిన ఐదు విప్పి, పొట్టిదైన పద్నాలుగులో ఇరుక్కుని లోపలికి పరిగెత్తాడు. జనం ఈలలు వేశారు. మావాడు బనియన్‌తో బెంచీ మీద కూచున్నాడు. చంక కింద బనియన్‌కి చిరుగు. దర్జీ కొడుకు బనియన్‌కి చిరుగు! వాడు తువ్వాలు భుజం మీద వేసుకుని మళ్ళీ చప్పట్లు మొదలెట్టాడు.

అప్పుడు మైకు అరిచింది. "బాస్కెట్! నంబర్ పద్నాలుగు!"

జిమ్ము కప్పు లేచిపోయేలా అరిచారు. ఏడాదంతా నేను చెవులు రిక్కించుకుని ఎదురుచూసిన మాట. మళ్ళీ పద్నాలుగు. ఇంకో పద్నాలుగు. మైకాయన గొంతుకి ఆ నంబరు ఎంత బాగా నప్పిందో! ప్రతిసారీ నా గుండె ముందు ఎగిరేది, తర్వాత గుర్తొచ్చి కూలబడేది. వెనకనుంచి ఒకడు "పద్నాలుగు! పద్నాలుగు!" అని పాటెత్తుకుంటే వందమంది అందుకున్నారు. తీసిన గోతిలో పడటం విన్నాను గానీ, పడ్డాక చుట్టూ చేరి చప్పట్లు కొడతారని ఎవరూ చెప్పలేదు.

ఆఖరి క్వార్టర్లో మా జట్టులో ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు బయటికి పోయారు. ఒకడికి ఐదు ఫౌల్సు పూర్తయి బయటికి పంపేస్తే కళ్ళజోడు దిగాడు. ఇంకాసేపటికి రెండోవాడు మడమ మెలికపడి కుంటుకుంటూ వచ్చేశాడు. లోపల నలుగురే మిగిలారు. అవతల ఐదుగురు. రెండు పాయింట్ల తేడా, అది కూడా అవతలివాళ్ళకే. కోచ్ టైమవుట్ తీసుకుని బెంచీ వైపు తిరిగాడు. బెంచీ మీద ఆరోగ్యంగా ఉన్నది ఒక్కడే. బనియన్‌తో.

"నీ చొక్కా..." అని మొదలెట్టి ఆగిపోయాడు.

బయటికొచ్చినవాళ్ళ చొక్కా వేసుకోవచ్చా అని మావాడు అడిగాడు. ఆ నంబర్ల మీద ఫౌల్సున్నాయి, కుదరదన్నాడు రిఫరీ. ట్రాక్‌సూటు? కుదరదు. రక్తంది? అసలు కుదరదు. నిచ్చెన తన ఒంటిమీది పద్నాలుగు విప్పబోయాడు. కోచ్ వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. నిచ్చెనని బయట కూచోబెట్టి ఎవరు గెలుస్తారు? "నలుగురితోనే ఆడదాం" అన్నాడు కోచ్.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చొక్కా తీస్తే నా అబద్ధం అక్క ముందూ, కోచ్ ముందూ, ఇంతమంది ముందూ బయటపడుతుంది. తీయకపోతే జట్టు ఓడిపోతుంది. మీ దగ్గర దాపరికమెందుకు, ఓడిపోతే పోనీ అని కూడా అనుకున్నాను. ఓడిపోతే రేపు మందుల షాపులో దగ్గేవాళ్ళు దగ్గుతారు, ప్యాంట్లవాళ్ళు కొలతలిస్తారు, అక్క ఫోను చేయదు. ఎంత హాయి! ఆ హాయి నాకు నోట్లో బెల్లం ముక్కలా అనిపించింది, ఉన్నదున్నట్టు చెబుతున్నా.

అప్పుడు మావాడు తల తిప్పి మూడో వరసలో నన్ను చూశాడు. చొక్కా కోసం కాదు. ఊరికే చూశాడు. పెదవులు విరిచి, భుజాలు ఎగరేసి, పర్లేదమ్మా అన్నట్టు నవ్వాడు. చిన్నప్పుడు కిటికీ దగ్గర నిలబడి కూడా అలాగే నవ్వేవాడు.

నేను లేచాను. మోకాళ్ళు తప్పించుకుంటూ, కాళ్ళు తొక్కుతూ, తిట్లు తింటూ మెట్లు దిగాను. సంచిలోంచి చొక్కా తీసి, అడ్డు కమ్మీ మీంచి చేయి చాచి మావాడి చేతిలో పెట్టాను. మడత కూడా చెదరలేదు.

కోచ్ చొక్కా కేసి చూసి, నా కేసి చూసి, నోరు తెరిచి, టైము లేక మూసేశాడు. మావాడు మడత విప్పాడు. చంక దగ్గర కొత్త కుట్టు చూశాడు, వేలితో తడిమాడు.

"ఇస్త్రీ కూడా చేశావు" అన్నాడు.

అంతే అన్నాడు. నాకు తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఐదో నంబరు మీద ఒక్క ఫౌలూ లేదు కాబట్టి రిఫరీ తలూపాడు. మావాడు చొక్కా వేసుకున్నాడు. నిచ్చెన కొలతలకి కుట్టింది, మావాడికి తొడల దాకా వచ్చింది. లోపల మెత్తటి దుప్పటి ముక్క లేదు, మడిచిన కుట్లు లేవు. గరుకు చొక్కా. మెడ దగ్గర ఒకసారి గోక్కుని లోపలికి పరిగెత్తాడు.

"నంబర్ ఐదు మైదానంలోకి!" అన్నాడు మైకాయన. జనం గోలగోలగా అరిచి, తీరా చూసి, "ఎవడ్రా వీడు?" అనుకున్నారు.

నేను కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. రాగానే వాడు ఎవడికో అడ్డం పడ్డాడు. "ఫౌల్! నంబర్ ఐదు!" అంది మైకు. ఏడాదంతా ఐదంటే బాస్కెట్టే, ఇప్పుడు ఐదంటే ఫౌలు. అదీ మా అదృష్టం. ఆ తర్వాత వాడికి బంతి ఎవరూ ఇవ్వలేదు. నిచ్చెన ఒకటి వేసి సమానం చేశాడు. "పద్నాలుగు!"

చివరి క్షణాల్లో బంతి ఎవడి చేతికో తగిలి గీత బయటికి, సరిగ్గా మావాడున్న పక్కకి ఎగిరిపోయింది. అందరూ చేతులు వదిలేశారు. మావాడు ఒక్కడే దాని వెంట గాల్లోకి లేచాడు. ఆ తొడల దాకా ఉన్న చొక్కా గాలికి బుడగలా లేచింది. వాడు రింగుని చూడలేదు, నిచ్చెనని చూడలేదు, నావైపు తిరిగి ఉన్నాడు. నా మొహం కేసి వస్తున్న బంతిని పట్టి, భుజం మీంచి వెనక్కి విసిరి, నా కాళ్ళ దగ్గర కమ్మీకి గుద్దుకుని పడ్డాడు. వెనక నిచ్చెన చేతులు అప్పటికే చాచి ఉన్నాయి. బంతి ఎక్కడికి వస్తుందో వాడికి తెలుసు. మా వెనక గోడ దగ్గర ఎన్ని వేలసార్లు వచ్చిందో అక్కడికే వచ్చింది.

"బాస్కెట్! నంబర్ పద్నాలుగు!"

గంట మోగింది. నేలంతా జనం. నిచ్చెనని భుజాలకెత్తుకున్నారు. మావాడు నా ముందే కూచుని మోచేయి రుద్దుకుంటున్నాడు.

"తగిలిందా?" అన్నాను.

"అద్దం పగల్లేదు కదా" అన్నాడు. నవ్వాడు గానీ నా కళ్ళలోకి చూడలేదు. లేచి ఆ జనంలోకి వెళ్ళిపోయాడు.

పైకెళ్ళి అక్క పక్కన కూచున్నాను. ఏదో ఒకటి అనేస్తే బాగుండును. తిట్టనీ. గుమ్మడికాయల దొంగలాగా నేనే భుజాలు తడుముకుని, "సంచి అడుగున ఉండిపోయిందే, చూసుకోలేదు" అన్నాను.

"అడుగునేం లేదు. నీళ్ళ సీసా తీసినప్పుడే చూశాను" అంది అక్క.

"మరి కోచ్ అడిగినప్పుడు చెప్పలేదేం?"

అక్క కళ్ళు తుడుచుకుంటోంది. "ఏమోనే. మావాడు ఏడాదంతా ఆడాడు. వీడూ ఒకసారి దిగితే బాగుండుననిపించింది. చెబుదామనుకునేలోపు వాడే చొక్కా విప్పేశాడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంచితనంలో కూడా ఈవిడే నాకన్నా ముందు. ఆ ఒక్కటీ నాకు వదిలేస్తే ఏం పోయింది?

గెలిచిన చొక్కాని అద్దాల పెట్టెలో పెట్టి జిమ్ము గోడకి తగిలిస్తామని వారం తిరక్కుండా కాలేజీవాళ్ళు వచ్చారు. ఫోటోల్లో నిచ్చెన ఒంటిమీద ఉన్నది, చివరి బాస్కెట్ వేసినది, పద్నాలుగు. ఉతికి, ఇస్త్రీ చేసి, బట్ట మీద బిగించి ఇవ్వమన్నారు. ఆ నంబరు ఇక ముందు ఎవరికీ ఇవ్వరట. గౌరవం.

"ఇవ్వను. అది నా కొడుకు చొక్కా" అన్నాను.

మావాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఫైనల్ దగ్గర్నుంచీ నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. "ఇచ్చెయ్యమ్మా" అన్నాడు.

"నీదిరా అది!"

"నాదే. నేనే ఇచ్చాను కదా" అన్నాడు. లోపలికి వెళ్ళాడు. ఆ పొడుగు ఐదో నంబరు ఇప్పుడు వాడి మంచం కొక్కేనికి వేలాడుతోంది. కురచ చేసి ఇవ్వనా అని అడిగితే వద్దన్నాడు.

చొక్కా ఉతికాను. ఈసారి సబ్బు దండగ కాలేదు, చెమట ఎంత ఉతికినా వదలదు. మెడ కింద దుప్పటి ముక్క విప్పేద్దామని కత్తెర తీసి, మళ్ళీ పెట్టేశాను. అలాగే బిగించి ఇచ్చాను.

గోడకి తగిలించిన రోజు అందరం వెళ్ళాం. పెట్టె కింద ఇత్తడి రేకు మీద నిచ్చెన పేరు చెక్కారు. అక్క నా చెయ్యి పట్టుకుంది. మావాడు వెనక వరసలో కళ్ళజోడు పక్కన నిలబడ్డాడు. మైకాయన గొంతు సవరించుకుని "నంబర్ పద్నాలుగు!" అని అరిచాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అరచేతులు మండేదాకా. అక్క నావైపు చూసి మురిసిపోయింది, తన కొడుక్కనుకుని.